మేస్టారు పళ్లు తీసిన రోజు

నేను ఉద్యోగంలో చేరడానికి ఆ బడికి వెళ్లేసరికి ఉదయం తొమ్మిదీ పది. మా హెడ్మాస్టరు బడి వెనకాల బోరింగు దగ్గర కూచుని పళ్లు కడుక్కుంటున్నారు. చేతిలో పట్టుకుని కడుక్కుంటున్నారు. నన్ను చూసి, ఆగమన్నట్టు వేలు చూపించారు. పైసెట్టు కడిగారు, కిందిసెట్టు కడిగారు, రెండూ వెలుగుకెత్తి చూసి నోట్లో పెట్టుకుని దవడ ఒకసారి ఆడించారు. టక్కుమంది. ఆ చప్పుడు వినగానే వరండాలో ఆడుకుంటున్న పిల్లలు వచ్చి లైన్లో నిలబడ్డారు. అప్పుడు ఆయన నాకు నమస్కారం పెట్టి, "రామ్మా, కూకో" అన్నారు.

గంట కూడా ఉండేది, రైలుపట్టా ముక్క. దాన్ని కొట్టేలోపే అందరూ లైన్లో ఉండేవారు. మరి ఎందుకు కొట్టేవాళ్లమో నాకు ఇప్పటికీ తెలీదు.

అది తొంభైల చివర. నాది టెక్కలి. పక్కనున్న నౌపడలో ప్యాసింజరెక్కి పలాసలో దిగి, అక్కణ్ణుంచి ఉద్దానం వైపు పోయే జీపులో వెనక వేలాడుతూ ఆ ఊరు చేరాలి. రైల్లో చదువుకోవడానికి సంచిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. జీపులో చదవడానికి చేతులు ఖాళీ ఉండేవి కావు. ఊరి చుట్టూ జీడితోటలు, కొబ్బరి, ఆ వెనక ఇసక, ఆ వెనక సముద్రం. బడి రెండు గదులు. టీచర్లం ఇద్దరం. మేస్టారు, నేను.

మేస్టారు ఆ ఊరి బాప్టిస్టు చర్చిలో పాట చెప్పేవారు. చర్చిలో పాటల పుస్తకాలు కొన్నే ఉండేవి, చదవడం వచ్చినవాళ్లు అంతకన్నా తక్కువ. అందుకని ఆయన ముందు నిలబడి చరణాన్ని మాటగా చెప్పేవారు, జనం దాన్ని పాటగా తిరిగి ఇచ్చేవారు. బళ్లోనూ అంతే. తెలుగైనా, లెక్కలైనా, ఉప్పు ఎలా తయారవుతుందో చెప్పే పాఠమైనా, ఆయన ఒక ముక్క చెప్పడం, పిల్లలు దాన్ని పెద్ద గొంతుతో తిరిగి ఇవ్వడం. పిల్లల్లో ఎక్కువమంది రైతుల ఇళ్ల హిందువుల పిల్లలే. ఒకాయన ఒకరోజు వచ్చి, తన కొడుకు ఎక్కం అప్పజెప్పి చివర ఆమెన్ అంటున్నాడని ఫిర్యాదు చేశాడు. ఇరవయ్యో ఎక్కం తప్పు లేకుండా ముగించినవాడు ఇంకేమంటాడని మేస్టారు అడిగారు. ఆ రైతు కాసేపు ఆలోచించి, అదీ నిజమేనని వెళ్లిపోయాడు.

ఇందులో పళ్ల పాత్ర ఒకటుంది. ఆ సెట్టు బరంపురంలో కట్టించింది. కొలత సరిగా కుదరలేదు. పాఠం మధ్యలో, ముఖ్యంగా 'ష' వచ్చిన చోట, పైసెట్టు జారేది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అటు తిరిగి, సెట్టు తీసి మళ్లీ సర్దుకునేవారు. ఆ కాస్సేపూ పాఠం ఆగేది కాదు. ఆయన ఎక్కడ ఆగారో అక్కణ్ణుంచి పిల్లలు అందుకునేవారు. ఒకటో తరగతివాళ్లు కూడా అందుకునేవారు. కొన్నాళ్లకి ఇది బడి నియమమైపోయింది. పాఠం చదివేటప్పుడు ఎవరు ఆగిపోయినా పక్కవాళ్లు అందుకోవాలి. ఆగినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు, ఎందుకంటే అందరికన్నా ఎక్కువసార్లు ఆగేది మేస్టారే.

కొత్త సెట్టు కట్టించుకోమని నేను చాలాసార్లు చెప్పాను. ఆయన వినలేదు. ఆ సెట్టు కట్టించడానికి బరంపురం తీసుకెళ్లింది ఆయన భార్య. నేను చేరడానికి రెండేళ్ల ముందు ఆవిడ పోయింది. ఉద్దానంలో నడివయసువాళ్లని తీసుకుపోయే కిడ్నీ జబ్బే ఆవిడనీ తీసుకుపోయింది. నీళ్లవల్లని కొందరనేవారు, ఇంకేదో అని కొందరనేవారు. ఎవరెవరో జీపుల్లో వచ్చి మా బోరింగు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లేవారు. ఏం తేలిందో చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదు. ఆవిణ్ణి చర్చి వెనక జీడితోట అంచున పాతిపెట్టారు. మేస్టారు రోజూ బడికి ఆ దారినే వచ్చేవారు. అది చుట్టుదారి.

రెండువేలు దాటాక మాకు శిక్షణలు మొదలయ్యాయి. అంతకుముందూ ఉండేవి గానీ, కుర్చీలో కూచుని నిద్రపోయే రకం. ఇవి గెంతే రకం. పలాసలో మండల కేంద్రంలో పది రోజులు. పొద్దున్నే టీచర్లందరూ గుండ్రంగా నిలబడి కప్ప పాట పాడుతూ కప్పల్లా గెంతాలి. షుగరున్నవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు, మనవలున్నవాళ్లు, అందరూ కప్పలే. మేస్టారు గెంతే ముందు పళ్లు తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. పళ్లు లేని కప్ప ఒక్కటే సహజంగా ఉందని పక్క ఊరి హెడ్మాస్టరు అనేవారు.

ఈ పక్క ఊరి హెడ్మాస్టరు గురించి చెప్పాలి. ఆయనా మేస్టారూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఇద్దరికీ చుట్టరికం లేదు, ఒకరు చర్చికీ ఒకరు రావివలస మల్లన్న గుడికీ పోయేవారు, అయినా బావా అంటే బావా అనుకునేవారు. లోకంలో ప్రతి సర్క్యులర్‌కీ ఒక దొడ్డిదారి ఉంటుందని ఆయన నమ్మకం. చాలాసార్లు ఉండేది కూడా.

శిక్షణ ఐదో రోజున ప్రతి టీచరూ తన సొంత బోధనా పద్ధతి ఒకటి చెప్పాలన్నారు. శిక్షకుడు కుర్రవాడు, మంచివాడు, చేతిలో స్కెచ్ పెన్ను లేకుండా నేను ఎప్పుడూ చూడలేదు. మేస్టారి వంతు వచ్చింది. ఆయన లేచి, "నాకు పల్లు జారతాయండి. బడి గుంటలు అందుకుంటారు" అని చెప్పి కూచున్నారు. గదంతా నవ్వింది. శిక్షకుడు నవ్వలేదు. ఇంకా వివరంగా చెప్పమని అడిగాడు, విన్నాడు, చార్టు మీద పెద్ద అక్షరాలతో 'సమష్టి పూరణ పద్ధతి' అని రాశాడు. దాని కింద మూడు లక్ష్యాలు, నాలుగు సోపానాలు రాశాడు. మేస్టారు కళ్లజోడు పెట్టుకుని తన పద్ధతిని మొదటిసారి చదువుకున్నారు.

ఆ నెల మా బళ్లోనే మీటింగు పెట్టి ఆ చార్టు గోడకి తగిలించారు, చుట్టుపక్కల టీచర్లందరూ వచ్చి మేస్టారి నమూనా పాఠం చూశారు. పళ్లు ఆ రోజు పదిసార్లు జారాయి. పిల్లలు పదిసార్లూ అందుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టి, భోజనంలో పనసకాయ కూర బాగుందన్నారు. తర్వాత మండలంలో గట్టి పళ్లున్న కుర్ర మేస్టర్లు కూడా పాఠం మధ్యలో హఠాత్తుగా ఆగి నోరు మూసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల పిల్లలు కూడా నోరు మూసుకున్నారట.

ఇంకో మూడు నాలుగేళ్లకి ఒక కబురు వచ్చింది. బయటి సంస్థ ఒకటి ప్రభుత్వ అనుమతితో వచ్చి, ఏడాది మొదట్లో ఒకసారి, చివర ఒకసారి పిల్లల్ని పరీక్షిస్తుంది. పిల్లలు ఎంత పైకి వస్తే ఆ బడి టీచర్లకి అంత బోనసు. మీటింగులో ఇది చెప్పగానే వెనక బెంచీలో వాళ్లు నిద్ర లేచారు. అప్పుడే ఎవరో, ఈ మార్కులు బదిలీల కౌన్సెలింగులో పాయింట్లుగా కూడా లెక్కేస్తారా అని అడిగారు. వెయ్యొచ్చు అన్నారు విద్యాధికారి. ఆయన ఏ ప్రశ్నకైనా అదే చెప్పేవారు. కానీ ఆ ఏడు నిజంగానే వేశారు.

మేస్టారికి సర్వీసు ఇంక మూడేళ్లుంది. ఆ బళ్లో ఆయన చాలా ఏళ్లుగా ఉన్నారు కాబట్టి కౌన్సెలింగుకి వెళ్లక తప్పదు. పాయింట్లు బాగుంటే అదే బడి మళ్లీ కోరుకోవచ్చు. లేకపోతే మిగిలింది తీసుకోవాలి. బోనసు సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. బడి సంగతి మాత్రం, జీపు కోసం నిలబడి ఉండగా, తనంతట తనే ఎత్తారు.

"నాకీ బోరింగు నీల్లే పడతాయమ్మా. ఇంకో ఊరి నీల్లతో కడిగితే ఈ పల్లు నిలవ్వు."

జిల్లా అంతా భయపడే నీళ్లవి. ఆయన చూపు చర్చి వైపు ఉంది. నీళ్ల గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడాది మేం బాగా చెప్పాం. నిజంగా చెప్పాం. మేస్టారు చదవడం రాని పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని వేలు పట్టి చదివించేవారు. నేను లెక్కలు చూసుకున్నాను. పక్క ఊరి హెడ్మాస్టరు మాత్రం ఫాల్గుణం దాకా నిశ్చింతగా ఉన్నారు. పరీక్ష దగ్గర పడ్డాక మా బడికి వచ్చి, బెంచీ మీద కూచుని, తన ఉపాయం చెప్పారు. అసలే జీడి కాపు మొదలైంది. ఆ రోజు మొద్దుపిల్లల్ని వాళ్ల అమ్మానాన్నలతో పాటు గింజలు ఏరడానికి తోటకి పంపేస్తే, బళ్లో మిగిలేది తెలివైనవాళ్లే.

"నువ్వూ తోలీ బావా," అన్నారు. "తోటకి పోతే ఆల్లకీ ఇట్టమే."

"తోట్లో ఎలుగులు తిరుగుతన్నాయి."

"ఎలుగు మొద్దుగుంటల్నేటి సేత్తాది? అదేమైనా లెక్కలడుగుతాదా?"

మేస్టారు నవ్వారు. పళ్లు జారాయి. సర్దుకుని, తన పిల్లలందరూ చదువుతారని, అందరూ ఉంటారని చెప్పారు. అందులో గొప్ప నీతి ఏమీ లేదు. ఆయనకి నిజంగానే తన బళ్లో మొద్దుపిల్లలు ఉన్నట్టు తెలీదు. ఒకడు ఆగిపోతే ఇంకొకడు అందుకునే చోట ఎవరు మొద్దో ఎలా తెలుస్తుంది?

పరీక్ష రోజున ఆ సంస్థ నుంచి ఒక కుర్రాయన వచ్చాడు, మెడలో గుర్తింపు కార్డు, భుజాన సంచి. రాత పరీక్ష పొద్దున్నే అయిపోయింది. పిల్లలు బాగానే రాశారు. మధ్యాహ్నం నోటి పరీక్ష. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి పాఠ్యపుస్తకంలోంచి ఒక పేజీ చదివించాలి. మిగిలినవాళ్లు వరండాలో కూచోవాలి. టీచర్లు గది బయట, పిల్లలకి కనబడని చోట ఉండాలి. కనబడని చోటు ఆ బళ్లో లేదు. అన్ని కిటికీలకీ రెక్కలు ఎప్పుడో పోయాయి. మేస్టారు వరండా చివర స్తంభం దగ్గర నిలబడ్డారు, నేను మెట్ల మీద.

మొదటి నలుగురూ ఆగకుండా చదివేశారు. ఐదోది నాలుగో తరగతి పిల్ల. గుంపులో దాని గొంతే ముందు వినిపించేది. ఒంటరిగా నిలబెడితే పేరు కూడా చెప్పేది కాదు. అది పుస్తకం తీసుకుని మొదలుపెట్టింది. మేస్టారికి ఒక అలవాటుంది, ఎవరు చదువుతున్నా తన పెదవులు ఆడతాయి. కుర్రాయన కిటికీలోంచి చూసి, సర్, మీరు పెదవులు కదుపుతున్నారు, దాన్ని అందించడంగా రాసుకోవలసి వస్తుంది అని మర్యాదగానే చెప్పాడు.

మేస్టారు తల ఊపారు. నోరు కట్టేసుకోవడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశారు. పైసెట్టు తీశారు, కిందిసెట్టు తీశారు, రుమాల్లో పెట్టుకుని, ఇంక నేను ఏమీ చెప్పలేను చూడండి అన్నట్టు ఆ రుమాలు అందరికీ కనబడేలా అరచేతిలో పట్టుకున్నారు.

వరండాలో పిల్లలందరూ ఆయన వైపే చూస్తున్నారు.

లోపల ఆ పిల్ల కొంగ పాఠం చదువుతోంది. "కొంగ ఒంటికాలి మీద నిలబడి" దాకా వచ్చి ఆగింది. దానికి ఆ ముక్క వచ్చు. ఊపిరి కోసం ఆగిందో, భయపడి ఆగిందో తెలీదు. మేస్టారి పళ్లు చేతిలో ఉన్నాయి, పాఠం ఆగింది. ఆ బడి పిల్లలకి అంతకన్నా స్పష్టమైన పిలుపు ఇంకొకటి లేదు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరూ ఒక్కసారిగా, "చేప కోసం ఎదురు చూసింది" అని అందుకున్నారు. అక్కడితో ఆగలేదు. పేజీ చివరి దాకా వెళ్లారు. ధైర్యం వచ్చి లోపలున్న పిల్ల కూడా వాళ్లతో కలిసింది. చాలా బాగా చదివింది.

మేస్టారు చేతులు ఊపుతూ వద్దన్నారు. పళ్లు లేకుండా ఆయన ఏమంటున్నారో ఎవరికీ అర్థం కాలేదు. తొందరలో సెట్టు తిప్పి పెట్టుకున్నారు, అది పట్టలేదు.

కుర్రాయన బయటికి వచ్చి, మిమ్మల్ని ఎవరు చెప్పమన్నారు అని పిల్లల్ని అడిగాడు. కోపంగా అడగలేదు. ఒక పిల్ల లేచి నిలబడి, తెలియని మనిషికి తెలియని సంగతి చెప్పే ఓపికతో చెప్పింది.

"మేట్టారు పల్లు తీసారు గదండీ."

"పళ్లు తీస్తే?"

"పల్లు తీత్తే మేం సెప్పాల."

అంటే సంకేతం ఉందన్నమాట, అన్నాడు కుర్రాయన. రాసుకున్నాడు. అతణ్ణి తప్పుపట్టడానికి నాకు అప్పుడూ ఏమీ దొరకలేదు, ఇప్పుడూ దొరకలేదు. నిజంగానే సంకేతం ఉంది. శిక్షణలో చార్టు మీద రాసి, చప్పట్లు కొట్టి, మండలమంతా పంపిన సంకేతం. ఆ చార్టు గది గోడ మీద అప్పటికింకా వేలాడుతూనే ఉంది. దాన్ని మేస్టారూ నేనూ ఒకసారి చూశాం. మేస్టారు తల అడ్డంగా ఊపారు. ఆ కుర్రాయనకి చూపించలేదు.

నోటి పరీక్ష చెల్లదన్నారు. మా బడి మండలంలో అట్టడుగున పడింది. పక్క ఊరి హెడ్మాస్టరుకి బోనసు వచ్చింది. ఆయన కోళ్లు కోయించి అందర్నీ పిలిచారు. మేస్టారూ వెళ్లారు, బాగా తిన్నారు. ఎముక దగ్గర మాత్రం పళ్లు తీసి పక్కన పెట్టుకున్నారు. విందులో ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఇప్పుడు మనం ఏం అందుకోవాలి మేస్టారూ అన్నారు. అందరికన్నా ఎక్కువ మేస్టారే నవ్వారు.

కౌన్సెలింగు శ్రీకాకుళంలో. ఆయన వంతు వచ్చేసరికి బోర్డు మీద పేర్లన్నీ కొట్టేసి ఉన్నాయి. మిగిలినవాటిలో నౌపడ ఉప్పుమళ్ల పక్కన ఒక బడి కోరుకున్నారు. ఆదివారం ప్యాసింజరెక్కితే పాట వేళకి చర్చికి చేరొచ్చని లెక్క. మా బళ్లో ఆఖరి రోజున పిల్లల్ని ఏమీ అనలేదు. వాళ్లని ఎవరైనా ఏమైనా అంటారేమోనని మాత్రం భయపడ్డారు. రిజిస్టర్లు నాకు అప్పగిస్తూ అన్నారు.

"ఆల్ల తప్పు నేదమ్మా. నాను ఆగాను, ఆల్లు అందుకున్నారు. మనం నేర్పిందే సేసారు."

తర్వాత ఏడాదిన్నర ఆయన్ని నౌపడ స్టేషన్లో చూసేదాన్ని, ఎక్కువగా సోమవారాలు. నేను పలాస బండి కోసం నిలబడి ఉంటే, పలాస వైపు నుంచి వచ్చే బండిలోంచి ఆయన దిగేవారు. ఉప్పు ఊళ్లో బోరు నీళ్లతో పళ్లు మరీ వదులయ్యాయని, ఆ పిల్లలు మాత్రం ఇంకా అందుకోవడం లేదని చెప్పేవారు. మేస్టారు ఆగితే వాళ్లు లేచి ఇంటికి పోతున్నారట. నా చేతిలో పుస్తకం చూసి, అందులో ఎవరైనా సుఖంగా ఉన్నారా అని అడిగేవారు. లేరు అనేదాన్ని. అయితే చదవొచ్చు అనేవారు.

రిటైరవడానికి ఇంక కొద్ది నెలలుందనగా పోయారు. జ్వరమన్నారు, తర్వాత గుండె అన్నారు. ఆయన్ని ఆ ఊరికే తీసుకొచ్చారు. చర్చి వెనక, జీడితోట అంచున, ఆవిడ పక్కనే చోటు ఉంది. ఈ బదిలీకి ఎవరూ పాయింట్లు అడగలేదు.

పెట్టె మూసే ముందు పళ్ల దగ్గర తగువు వచ్చింది. తీసి ఉంచాలా, పెట్టి పంపాలా అని బంధువులు వాదించుకున్నారు. పాస్టరుగారు ఒంగోలు వైపు నుంచి కొత్తగా వచ్చినవారు, ఈ విషయంలో లేఖనాలు ఏమీ చెప్పడం లేదన్నారు. అప్పుడు పక్క ఊరి హెడ్మాస్టరు వెనకనుంచి తోసుకుంటూ ముందుకి వచ్చారు. ఏడ్చి ఏడ్చి ఆయన మొహం ఉబ్బిపోయి ఉంది.

"పల్లు ఎట్టండి బాబూ. పల్లు నేకుండా పంపిత్తే అక్కడ పాట ఎవలు సెప్తారు?"

పెట్టారు. నేనే బోరింగు దగ్గర కడిగి తెచ్చాను.

సంతాప సభలో ఒకరు ఆయన్ని దీపమన్నారు, ఒకరు వటవృక్షమన్నారు. నాకు తెలిసినంతలో ఆయన ఆగిపోయే మనిషి. ఆగిపోవడానికి సిగ్గుపడని మనిషి. నా వంతు వచ్చినప్పుడు ఆ మాట చెప్పడం చేతకాక, నమస్కారం పెట్టి దిగిపోయాను.

ఆ బడికి తర్వాత నేనే హెడ్మాస్టరునయ్యాను. శిక్షణలు ఇంకా అవుతున్నాయి, గెంతడం తగ్గింది. ఆ పిల్లలు ఐదోది ముగించి వెళ్లిపోయారు. కొత్తవాళ్లకి నేర్పుదామని నేనూ ప్రయత్నించాను. వాక్యం మధ్యలో ఆగి చూశాను. పిల్లలు నా మొహం చూశారు. నా పళ్లు గట్టివి, నేను ఆగానంటే కావాలనే ఆగానని వాళ్లకి తెలుసు.

చర్చిలో అందరికీ పుస్తకాలు వచ్చాయి, చరణం ముందు ఎవరూ చెప్పరు. బోరింగుకి ఎర్రరంగు వేసి తాగొద్దని రాశారు. బళ్లో పిల్లలు ఒక్కొక్కరే లేచి చదువుతారు. ఎవరైనా ఆగిపోతే, వాళ్లు మళ్లీ మొదలుపెట్టేదాకా అందరం ఊరుకుంటాం. ఇప్పుడు ఎవరూ అందుకోరు.